గాజుపెట్టెలో బాయి

విశాఖపట్నం,
12 జూలై 2003

వదినమ్మకు కిషోర్ రాసేది.

మీరు బస్సెక్కిన దగ్గర్నుంచి నాకు ఒకటే గుబులు. అన్న కోసం కొంత, నీ ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లిన గాజుపెట్టె కోసం కొంత. నిజం చెప్పాలంటే పెట్టె కోసమే కాస్త ఎక్కువ. అన్నకైతే నువ్వున్నావు, దానికి ఎవరున్నారు?

మార్చిలో బొగ్గుబాయి కప్పు కూలి పక్కనున్న ఇద్దరూ చనిపోయినప్పటి నుంచి అన్న నోట మాట లేదు. ఇక్కడి పెద్ద దవాఖానాలో డాక్టరు మందులు రాసిచ్చాడు గానీ ధైర్యం ఇవ్వలేదు. అట్లాంటి మనిషి నేను పనిచేసే చేపల దుకాణంలో ఆ చిన్న పెట్టె ముందు కూర్చున్నాడు. రొయ్య ఒక గవ్వముక్కను మోసుకొచ్చి తన బొరియ పైకప్పుకు ఆనించడం చూసి, “దిమ్మ పెడుతుంది” అన్నాడు. నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. ఇన్నేళ్లు బాయిలో కప్పు కూలకుండా కింద చెక్క దిమ్మలు నిలబెట్టిన మనిషి కదా, ఆ పని ఆయనకు ఎక్కడున్నా తెలుస్తుంది. అందుకే మా సేటు కాళ్లావేళ్లా పడి పెట్టెను మీ వెంట పంపాను.

అందులో ఉన్నవాళ్ల సంగతి మళ్లీ చెప్తాను. రొయ్యకు కళ్లు సరిగా కనపడవు. పొద్దస్తమానం ఇసుక తవ్వి బయట పోస్తుంది. దాని బొరియ గుమ్మంలో కాపలా ఉండే చిన్న చేపను నువ్వు అప్పుడే సర్దార్ అని పిలిచావు. బాయిలో కప్పు తట్టి చూసి, బాగుందంటేనే మనుషుల్ని లోపలికి పంపే సర్దార్ పనే దానిది కూడా. రొయ్య తన మీసం ఒకటి ఎప్పుడూ చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. చేప తోక ఆడించిందంటే అపాయం వచ్చినట్టు, రొయ్య లోపలికి పోతుంది. రాయి మీద గుండీల్లా ఉన్నవి పూలు కావు, అవీ ప్రాణులే. రాతిపగడాలు అమ్మితే జైలు, ఇవి మెత్తని జాతి, భయం లేదు.

పెట్టె ఎంత చిన్నదైతే అంత గండం. సముద్రంలో తప్పు చేస్తే సముద్రం ఓర్చుకుంటుంది, పాతిక లీటర్ల నీళ్లు ఓర్చుకోలేవు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి గానీ అందులోని ఉప్పు ఎక్కడికీ పోదు. కాబట్టి గాజు మీద నేను గీసిన గీత వరకు ఉత్త వాననీళ్లే పొయ్యి. క్యానులో ఇచ్చిన సముద్రం నీళ్లు వారానికోసారి కాసిని పాత నీళ్లు తీసి మార్చడానికే. ఉప్పు చూసే డబ్బాలో ముల్లు పచ్చగీత దాటకూడదు. కరెంటు పోతే గాలిపంపును బ్యాటరీకి తగిలించు.

అమ్మను అడిగానని చెప్పు. అన్న పక్కన కూర్చుని ఈ ఉత్తరం చదివి వినిపించు.

కిషోర్


చర్ల,
27 జూలై 2003

సముద్రం మోసిన వదిన, మరిది కిషోర్‌కు రాసేది.

చెక్‌పోస్టు దగ్గర పోలీసులు మమ్మల్ని దించారు. సంచిలో వైర్లు, బ్యాటరీ, క్యానులో ఏవో నీళ్లు. ఈ అడవిలో అవన్నీ ఒకచోట ఉంటే ఏమనుకుంటారో నీకు తెలుసు. చేపల కోసమంటే నవ్వారు. తాగి చూపించమన్నారు. తాగాను. మీ అన్న రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని పెట్టెను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, ఎవరేమడిగినా తల ఎత్తలేదు. పెట్టె మాత్రం చుక్క తొణకలేదు.

కుట్టుమిషన్ తీసేసి ఆ బల్ల మీద పెట్టాను. అత్తమ్మ వంగి చూసి, “రొయ్యను కూర వండక గాజుల పెట్టి సాదుతరా?” అంది. అది కొండితో టక్కుమని చప్పుడు చేసేసరికి రెండడుగులు వెనక్కి వేసింది. ఇప్పుడు ఆమే పొద్దున లేవగానే ముందు దాని ముఖం చూస్తోంది. అది మీ అమ్మకు రెండో కోడలైంది, నేను మూడోదాన్నయ్యాను. మొదటిది ఆ సర్దార్ చేప.

కిషోర్, నీకు అక్కడ చెప్పని సంగతి ఒకటుంది. జూన్‌లో మీ అన్న చేదబావి గట్టెక్కి కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చున్నాడు. పట్టుకుని దించింది నేనే. బాయి కాలనీలో సైరన్ కూస్తే మంచం కింద దూరుతున్నాడనే కదా క్వార్టరుకు తాళం వేసి ఇక్కడికి వచ్చాం. ఇక్కడ సైరన్ లేదు, బావి ఉంది. నాకు ఎక్కడికి పోవాలో తెలియలేదు.

ఈ పెట్టె వచ్చాక ఆయన ఆ బల్ల ముందు నుంచి లేవడం లేదు. అక్కడే కంచం పెడితే తింటున్నాడు. మాట లేదు గానీ రొయ్య గులకరాయి మోస్తుంటే ఆయన భుజం కూడా కొంచెం కదులుతుంది. నాకు అది చాలు. ఈ పెట్టె బతికుంటే ఆయన బతుకుతాడు. నేను అలాగే అనుకుంటున్నాను, నువ్వు కాదనకు.

ఫోను బూత్ లైను చచ్చి నెలైంది. పనిచేసినా అందులో మాట్లాడితే ఊరంతా వింటుంది కాబట్టి ఉత్తరమే రాస్తాను. ముల్లు పచ్చగీతకు కాస్త పైన ఉంది. ఫరవాలేదా?

దుర్గ


విశాఖపట్నం,
8 ఆగస్టు 2003

వదినా,

బావి సంగతి చదివి దుకాణంలో చేస్తున్న పని ఆపేశాను. మా సేటు ఏమైందని అడిగితే ఇంట్లో జ్వరాలని చెప్పాను. పోలీసులకు సముద్రం తాగి చూపించిన ఆడది మన జిల్లాలో నువ్వొక్కతివే అయ్యుంటావు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను.

నువ్వనుకున్నదాన్ని నేనెందుకు కాదంటాను? కాదనే ధైర్యం నాకూ లేదు.

ముల్లు పచ్చగీతకు పైన ఉండటం మాత్రం ఫరవాలేదని అనలేను. నీళ్లు తగ్గినప్పుడు పొరపాటున క్యానులో నీళ్లు పోస్తున్నావేమో చూసుకో. అందరూ చేసే తప్పే అది. ఇంకో క్యాను భద్రాచలం బస్సులో డ్రైవర్ లాల్‌సింగ్‌కిచ్చి పంపుతున్నాను, మన వైపు మనిషే. చెక్‌పోస్టులో ఆయన మాట వింటారు, నువ్వు తాగనక్కర్లేదు.

మేత చిటికెడే. ప్రేమ కొద్దీ వేస్తే నీళ్లు కుళ్లుతాయి. ఈ మాట అమ్మకు గట్టిగా చెప్పు.

కిషోర్


చర్ల,
24 ఆగస్టు 2003

కిషోర్‌కు,

గోదారి రోడ్డు మీదికొచ్చింది. క్యాను ఇంకా భద్రాచలంలోనే ఉందట. కరెంటు పోయి ఎప్పుడొస్తుందో తెలియక, బ్యాటరీ కూడా అయిపోయి, పక్కింటి వాళ్ల సైకిల్ పంపు తెచ్చి దాని గొట్టం నీళ్లలో పెట్టి నేనూ అత్తమ్మా వంతులవారీగా గాలి కొట్టాం. ఆమె చేతులు వాచిపోయాయి. చాలు పడుకో అత్తమ్మా అంటే, “నా కొడుకుకు ఊపిరి కొడుతున్న, నువ్వు జరుగు” అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె దగ్గర నీకు రావలసిన ప్రేమంతా మీ అన్నే పట్టుకుపోయాడు, నువ్వేం అనుకోకు.

నేను పోసేది వాననీళ్లే. చూరు కింద గిన్నె పెట్టి, వడగట్టి పోస్తున్నాను. అయినా ముల్లు ఇంకా పైకెక్కింది. రాయి మీద గుండీపూలు ముడుచుకున్నాయి. రొయ్య బయటికి రావడం మానేసింది. సర్దార్ ఒక్కడే గుమ్మంలో నిలబడి ఎగపోస్తున్నాడు.

మీ అన్న మళ్లీ కంచం తోసేస్తున్నాడు. నిన్న అన్నం కలిపి నోటి దగ్గర పెడితే నా చెయ్యి పట్టుకుని పెట్టె వైపు చూపించాడు. నేనేం చెయ్యను? నాకేం తెలుసు సముద్రం సంగతి? జల్దీ రాయి, లేదంటే నువ్వే రా.

దుర్గ


విశాఖపట్నం,
1 సెప్టెంబర్ 2003

వదినకు,

కోపంలోనే రాస్తున్నాను. ఉప్పు ఆకాశం నుంచి పడదు. వాననీళ్లలో ఉప్పుండదు. ఎవరో వేస్తేనో, క్యాను నీళ్లు పోస్తేనో తప్ప ముల్లు అంత పైకి ఎక్కదు. ఆ పెట్టె పని చూసేది నువ్వే.

ఒక మాట అడుగుతాను, అన్యాయమైతే తిట్టు. అన్న రోజంతా నీతో కాక దాని ముందు కూర్చుంటున్నాడని నీకు ఎక్కడో కష్టంగా ఉందా? అందుకే చెయ్యి అటూ ఇటూ అవుతోందా? అట్లాంటిదేమైనా ఉంటే నువ్వు దూరంగా ఉండు. పెట్టెను అమ్మకు అప్పజెప్పు. ఆమెకు చదువు రాకపోయినా చెప్పినట్టు చేస్తుంది, అన్న మీద ప్రాణం పెట్టుకున్న మనిషి.

సేటు సెలవివ్వడం లేదు. పండగల ముందు బేరాలున్న రోజులు.

కిషోర్


చర్ల,
10 సెప్టెంబర్ 2003

కిషోర్,

చేప పోయింది.

నువ్వు చెప్పినట్టే అత్తమ్మకు అప్పజెప్పాను. ఆమె చేతికి పోయాక మూడో పొద్దు చూసేసరికి ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. మీ అన్న నీళ్లలో చెయ్యి పెట్టి తీసి అరచేతిలో పట్టుకున్నాడు. ఎంత అడిగినా ఇవ్వలేదు. సాయంత్రం అట్లాగే పట్టుకుని బావి వైపు నడిచాడు. అత్తమ్మ కాళ్లు చుట్టేసుకుంది, నేను నడుం పట్టుకున్నాను, ఇరుగుపొరుగు వచ్చారు. ఇప్పుడు బావి మీద పాత తలుపు వేసి రాళ్లు పేర్చాం. ఊళ్లో వాళ్లు నీళ్లకు మా మొహాన ఉమ్ముతూ బోరింగుకు పోతున్నారు. పోనీ.

నాకు కష్టంగా ఉందా అని అడిగావు కదా. అవ్, ఉంది. కట్టుకున్న మనిషి నా ముఖం చూసి మార్చి నుంచి ఒక్క మాట అనలేదు, రొయ్యను చూసి అన్నాడు. అయినా ఆ రొయ్యకు మొక్కాను. సముద్రం తాగాను, సైకిల్ పంపు కొట్టాను. విశాఖపట్నంలో కూర్చుని కాగితం మీద నా మనసు తూకం వేసిన పెద్దమనిషివి నువ్వు. ఇంక నాకు ఉత్తరం రాయకు.

దుర్గ


విశాఖపట్నం,
16 సెప్టెంబర్ 2003

వదినా,

రాయొద్దన్నా రాస్తున్నాను. నీ ఉత్తరం చదివాక అన్నం సయించడం లేదు. ఆ మాటలు నేను రాయకుండా ఉండాల్సింది. నా భయం నీ మీద కక్కాను. నన్ను ఎన్నైనా అను, పడతాను.

రొయ్య ఇంకా లోపల ఉండవచ్చు. చేప లేకపోతే అది బయటికి రాదు, అంతమాత్రాన చచ్చినట్టు కాదు. కొన్ని నీళ్లు తీసేసి వాననీళ్లు మెల్లమెల్లగా కలుపు, ఒక్కసారి పోస్తే అదీ పోతుంది. బావి మీద తలుపు తియ్యకండి. అన్నను ఒంటరిగా వదలకండి.

ఆ ఉప్పు ఎక్కడి నుంచి వస్తోందో నాకు అర్థం కావడం లేదు. నువ్వు కాదని ఇప్పుడు ఒట్టేసి నమ్ముతున్నాను. పెట్టె దగ్గరికి ఇంకెవరు పోతున్నారో ఒక్కసారి కనిపెట్టు.

కిషోర్


చర్ల,
22 సెప్టెంబర్ 2003

కిషోర్‌కు వదిన రాసేది.

దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

నిన్న ఆదివారం. రోజూ తెల్లవారగానే నేను బోరింగు దగ్గర వరుసలో ఉంటాను. నిన్న బిందె మరిచిపోయి వెనక్కి వచ్చాను. మీ అన్న ఎప్పటిలాగే పెట్టె ముందు ఉన్నాడు. అత్తమ్మ వెనక నిలబడి పిడికిట్లో దొడ్డుప్పు పట్టుకుని ఆయన తల చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఊరి దిష్టి, వాడ దిష్టి, బాయి దిష్టి అని గొణిగింది. తర్వాత ఆ పిడికిలి తీసుకెళ్లి పెట్టెలో విప్పింది. అంతా నా కళ్ల ముందే, నేను ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయాను.

గొంతు చించుకుని అరుద్దామనుకున్నాను. ఆమె చేతులు చూశాను, సైకిల్ పంపుకు కాయలు కాసిన చేతులు. బయటికి తీసుకొచ్చి, ఉప్పు అందులోనే ఎందుకు వేస్తున్నావు అత్తమ్మా అని మెల్లగా అడిగాను. దిష్టి సంగతి ఎవరికీ చెప్పకూడదని ముందు తప్పించుకుంది. తర్వాత చెప్పింది.

“బిడ్డా, దిష్టి ఉప్పు నీళ్లల కరగాలె. గిన్నెల వేస్తే గిన్నె నీళ్లు ఏడనో పారబోస్తం, ఎవలో తొక్కుతరు, మళ్ల మనకే చుట్టుకుంటది. సముద్రంల కలిస్తే మళ్ల రాదు. నేను బతికుండంగ సముద్రం కాడికి పోతనా? అదే నడిసి మనింటికొచ్చింది.”

మేం పెట్టె తెచ్చిన నాటి నుంచి ప్రతి ఆదివారం వేస్తోందట. ఆయనకు ఎక్కువైందని గురువారం కూడా మొదలుపెట్టింది. పెట్టెను ఆమెకు అప్పజెప్పిన వారంలో అమావాస్య లేకపోయినా రోజూ వేసింది, కాపాడుకోవాలని. ఉప్పునీళ్లకు ఉప్పు ఏం చేస్తుందని ఆమె లెక్క. తప్పు ఆమెదని ఎలా అనను? ఆమెకు ఆవిరి సంగతి, ముల్లు సంగతి నేనెప్పుడైనా విప్పి చెప్పానా? చెప్పినట్టు గుర్తులేదు.

ఇంకా పెద్ద కష్టం వేరే ఉంది. మీ అన్న అదంతా చూస్తున్నాడు. ఆ ఉప్పు నీళ్లలో పడేటప్పుడు ఆయన నోరు తెరిచాడు. గొంతు నరాలు ఉబ్బాయి. ఒక్క మాట రాలేదు. అంటే మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉన్నాడు, చెప్పలేకపోతున్నాడు. చేప చచ్చింది ఎందుకో ఈ ఇంట్లో తెలిసిన మనిషి ఆయన ఒక్కడే.

అత్తమ్మకు చెప్పనా? నీ ఉప్పే నీ కొడుకును బావి దాకా నడిపించిందని ఆమెతో ఏ నోటితో అనను? చెప్తే ఆమె బతకదు. చెప్పకపోతే వచ్చే ఆదివారం మళ్లీ వేస్తుంది. ఉప్పుకుండ ఒకటి అటక మీద దాచాను, అంతకుమించి నాకు బుద్ధి పనిచేయడం లేదు.

దుర్గ


విశాఖపట్నం,
29 సెప్టెంబర్ 2003

వదినా,

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని బీచి దాకా నడిచాను. ఈ సముద్రాన్ని చూసి ఇంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

నువ్వు మెత్తబడుతున్నావు. అమ్మకు తెలియాల్సిందే. ఆమె మూఢత్వం చిన్నప్పుడు మమ్మల్ని ఏడిపించింది చాలు. నాకు పచ్చకామెర్లు వస్తే దవాఖానాకు కాకుండా ఎక్కడెక్కడో తిప్పింది. ఇప్పుడు అన్న ప్రాణం మీదికి తెచ్చింది. నువ్వు కోడలివి, నీ నోటితో వద్దు. నేను కొడుకును, నేనే చెప్తాను. సేటుతో దెబ్బలాడి సెలవు తీసుకున్నాను. పదకొండో తారీఖు శనివారం బయలుదేరుతున్నాను. కొత్త చేపను తెస్తాను. చేపను పెట్టెలో వదలకముందు అమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, చచ్చిన చేప ఎవరి చేతుల్లో చచ్చిందో చెప్తాను.

అంతవరకు ఉప్పు ఆమెకు దొరకనివ్వకు.

కిషోర్


చర్ల,
6 అక్టోబర్ 2003

కిషోర్,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే నువ్వు బయలుదేరాక అందుతుంది. అందుకే లాల్‌సింగ్ చేతికిస్తున్నాను, దుకాణానికి వచ్చి నీకే ఇస్తానన్నాడు. చదివాకే బస్సెక్కు.

పోయిన ఆదివారం ఏదో వంక పెట్టి అత్తమ్మను చేనుకు పంపాను. నిన్నటి ఆదివారం నావల్ల కాలేదు. ఉప్పుకుండ కనపడకపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకుంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చూసేసరికే ఆమె తిప్పడం అయిపోయి పిడికిలి పెట్టె మీదికి వచ్చింది. నేను లేచేలోపు మీ అన్న అరిచాడు.

“అమ్మా, ఎయ్యకు.”

ఇల్లంతా అదిరింది. పెరట్లో కోళ్లు లేచి పారిపోయాయి. అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది. ఉప్పు బల్ల మీద, నేల మీద పడింది, నీళ్లలో ఒక్క రవ్వ పడలేదు. ఆమె అక్కడే కూలబడి ఆయన మోకాళ్లు పట్టుకుంది. వాడు నన్ను పిలిచిండు, నన్ను పిలిచిండు అని అదే మాట.

ఆయన ఏడ్చాడు కిషోర్. మార్చి నుంచి ఒక్క చుక్క రాని మనిషి, ఊపిరి అందనంతగా ఏడ్చాడు. బాయిలో పోయిన వెంకన్న పేరు, పగిడయ్య పేరు పిలిచి ఏడ్చాడు. ఆ తర్వాత నాతో చెప్పాడు. ఆ రోజు దిమ్మ పగిలిన చప్పుడు ముందు ఆయనకే వినపడిందట.

“అరిచిన దుర్గా. పారిపొమ్మని గొంతు పోయేటట్టు అరిచిన. డ్రిల్లు మోతల వాళ్లకు ఇనబడలే.” పెట్టె మీద చెయ్యి వేసి అన్నాడు, “అమ్మకు ఇనబడ్డది.”

అంతా బాగైపోయిందని రాయడం లేదు. రాత్రి మళ్లీ వణికాడు, నిద్రలేదు. బావి మీద తలుపు అట్లాగే ఉంది, నేను తియ్యనివ్వను. రొయ్య ఉందో పోయిందో తెలియదు. కానీ ఈ పొద్దు నన్ను నీళ్లు అడిగాడు. నీళ్లు కావాలని నోరు విడిచి అడిగాడు.

ఇప్పుడు అసలు సంగతి విను. మీ అమ్మ పొద్దున్నుంచి వాడంతా తిరిగి చెప్తోంది, దిష్టి పోయిందని, తను సముద్రంలో కలిపిన ఉప్పే కొడుకుకు మాట తెచ్చిందని. నేను విని పళ్లు కొరుక్కున్నాను. మీ అన్న దగ్గరకెళ్లి ఆమెకు నిజం చెప్పాలా అని అడిగాను. మధ్యాహ్నం ఆమె వచ్చి, ఇంకో పిడికెడు తిప్పనా కొడుకా అంటే, “పోయిందమ్మా, ఇగ చాలు” అన్నాడు. ఆమె సరేనని ఉప్పు తీసుకెళ్లి పక్కింటివాళ్లకు తిరిగిచ్చేసింది. మళ్లీ ఆ పెట్టెలో వెయ్యదు. దానికి నీ ఉపన్యాసం అక్కర్లేదు.

ఆమె చెప్పేది అబద్ధమని నువ్వు రుజువు చెయ్యగలవు. నీకు ముల్లుంది, గీతలున్నాయి. కానీ ఆ ఉప్పు పట్టుకున్న చెయ్యి పెట్టె మీదికి రాకపోతే ఆయన అరిచేవాడు కాదు. ఇది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. నాకు ఆమె మీద కోపం పోలేదు. ఆ చేపను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా కొడుకు నోటి నుంచి మాట తెచ్చానని తిరుగుతున్న తల్లిని కూర్చోబెట్టి, నువ్వే చంపావు అని చెప్పే మనిషి ఈ ఇంట్లోకి రాకూడదు. నువ్వైనా సరే.

చేపను తెచ్చినా తేకపోయినా రా. ఆ మాటను మాత్రం గుమ్మం బయటే వదిలేసి రా.

నీ వదిన,
దుర్గ